రెండో అవును

కిందటి వారం కథ ఎక్కడ ఆగిందో మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. గుర్తున్నవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు, నేనేమీ అనుకోను. ఊరికి మంచినీళ్ళిచ్చే ఫిల్టరు స్టేషను నుంచి ఒకరోజంతా మురుగు కలిసిన నీళ్ళు కుళాయిల్లోకి వెళ్ళాయి. వీధులకి వీధులు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యాయి. ఆ నీళ్ళు చెడ్డవని స్టేషను మీటర్లు అప్పుడే పసిగట్టాయి కానీ, మర్నాడు చూసేసరికి ఆ రీడింగులు లేవు. ఎవరో తుడిచేశారు. ఎవరు తుడిచారని కంప్యూటరుని అడిగితే లాబులో పనిచేసే కెమిస్టు లాగిన్ చూపించింది. ఆ కెమిస్టు మన సర్వరమ్మకి వదిన, తోడబుట్టిన అన్నయ్యకి భార్య. తనకేమీ తెలియదని ఆవిడ మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. విచారణకి వచ్చిన మేడం ఈ సాయంత్రంలోగా తేల్చేసి వెళ్ళాలని పట్టుదలగా కూర్చుంది.

సర్వరమ్మ అసలు పేరు స్టేషనులో ఎవరికీ పట్టదు. సర్వరుండే చల్లటి గదిలో రోజంతా శాలువా కప్పుకుని కూర్చునే మనిషి కాబట్టి ఎవరో సరదాకి అలా పిలిచారు, అదే ఖాయమైపోయింది. మామూలు రోజుల్లో ఆ గది వదిలి బయటికి రాదు. ఇవాళ వదిన చెయ్యి పట్టుకుని మీటింగు గదిలో కూర్చుంది.

ఆ గది గురించి చెప్పాలంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. క్లోరిన్ వాసన మేడంకి తగలకూడదని పొద్దున్నే గులాబీ సెంటు కొట్టారు. రెండూ కలిసి ఆసుపత్రి వార్డులో ఎవరో పెళ్ళి చేసుకుంటున్నట్టుంది. బల్లమీద టీ చల్లారి మీగడ కట్టింది. ఒక కప్పులో ఈగ పడి ఇంకా కాళ్ళు కొట్టుకుంటోంది. స్టేషనుకి పెద్దైన పెద్దసారు గుండుసూదితో పళ్ళు కుట్టుకుంటూ, దాన్ని ఒకసారి వెలుతురుకి పెట్టి చూసి, బల్లమీది గుడ్డకే తుడిచాడు. ఊరంతా కక్కుకుంటుంటే ఈయనకి పళ్ళ సందుల్లో ఏముందో చూసుకునే తీరిక దొరికిందని సర్వరమ్మ ముఖం తిప్పుకుంది.

బల్లకి అవతలి వైపు అన్నయ్య కూర్చున్నాడు. స్టేషనులో పంపుల ఇంజనీరు అతనే. ఇస్త్రీ చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. గొడవ మొదలైన దగ్గర్నుంచి భార్య కోసం కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాడు. పెద్దసారుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు, వకీలుని మాట్లాడాడు, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆ అన్నయ్యంటే సర్వరమ్మకి ప్రాణం. సైకిలు నేర్పిందీ, మొట్టమొదట కంప్యూటరు ముందు కూర్చోబెట్టిందీ అతనే.

బయటినుంచి పిలిపించిన కంప్యూటర్ నిపుణుడు లేచి గోడమీద తెర వెలిగించాడు. "ఇది కుట్ర కాదు మేడం. ఉత్త నిర్లక్ష్యం," అన్నాడు.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. పెద్దసారైతే కుర్చీలో వెనక్కి వాలాడు కూడా.

"ఈ యూనిక్స్ యంత్రంలో క్రాన్ అని ఒక పనివాడు ఉంటాడనుకోండి. ఏ వేళకి ఏం చెయ్యాలో వరసగా రాసిపెడితే, మనం ఉన్నా లేకపోయినా చేసుకుపోతుంటాడు. కెమిస్టుగారి లాగిన్ కింద అలాంటి వరసలున్నాయి. ఇదుగో, ఆఖరిది."

గోడమీద ఒక్క వరస మిగిలింది. చీపురు నిన్నటివి అని ఉంది. దాని తోకన %y%y అని నాలుగు గుర్తులున్నాయి.

చీపురు అన్నది సర్వరమ్మ రాసిన ప్రోగ్రామే. లాబులో మీటర్లు కడిగినప్పుడల్లా పిచ్చి రీడింగులు వస్తాయి. వాటిని ఊడ్చెయ్యడానికి రాసింది కాబట్టి ఆ పేరు పెట్టుకుంది. 'తుడిచెయ్యనా?' అని అడుగుతుంది. వై కొడితే అవునన్నట్టు. ఎన్ కొట్టినా, ఏమీ కొట్టకపోయినా ఆగిపోతుంది.

"తేదీలు రాసేటప్పుడు పర్సెంట్ వై అంటే ఏడాది," అన్నాడు నిపుణుడు. "కెమిస్టుగారు ఏడాది వెయ్యాలనుకుని రాశారు. కానీ క్రాన్‌కి పర్సెంట్ గుర్తుతో ఒక చాదస్తం ఉంది. ఆ గుర్తు కనపడగానే ఆజ్ఞ అక్కడితో అయిపోయిందనుకుంటాడు. దాని తరవాత ఉన్నదంతా మనిషి కీబోర్డు మీద కొట్టిన జవాబులా ప్రోగ్రాముకి అందించేస్తాడు. గుర్తుని గుర్తుగానే ఉంచాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. వెనక్కి వాలిన ఈ చిన్న గీత. అది మర్చిపోయారు. ఏడాది అనుకుని రాసింది కాస్తా అవును అయి కూర్చుంది."

"అంటే ఒక గీత మర్చిపోతే ఊరి రీడింగులు పోయాయంటారు," అంది మేడం.

"అంతే మేడం. ఎవరికైనా జరుగుతుంది."

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "పాపం, తెలీక చేసిందండీ. ఆడకూతురు. నిర్లక్ష్యం అని రాసేద్దాం. ఉద్యోగం పోతే పోయింది, జైలు తప్పుతుంది కదా. ఏమయ్యా, నువ్వేమంటావు?"

అన్నయ్య తల వంచుకున్నాడు. "ఇంతకంటే మేలు మాకెక్కడ దొరుకుతుంది సార్," అన్నాడు మెల్లిగా.

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. అదీ వాళ్ళ ముందుచూపు! బ్యాక్‌స్లాష్ పెట్టడం మరచినందున జరిగిన పొరపాటుకు పూర్తి బాధ్యత నాదే అని, కింద సంతకానికి జాగా వదిలి. పెద్దసారు దాన్ని వదిన ముందుకి తోశాడు. కాగితం అంచుకి టీ మరక అంటింది. ఎవరూ పట్టించుకోలేదు.

వదిన పెన్ను తీసుకుంది. నిద్రలేక ఆవిడ ముఖం పీక్కుపోయింది. తను చెయ్యని పనికి సంతకం పెట్టి ఇంటికెళ్ళి పడుకోవాలనే కోరిక తప్ప ఆ కళ్ళలో ఇంకేం లేదు. చుట్టూ ఉన్న మగవాళ్ళ ముఖాల్లో కనపడిన ఆ హాయి చూస్తే సర్వరమ్మకి అసహ్యమేసింది. ఆసుపత్రిలో పసిపిల్లలు సూదులు గుచ్చుకుని పడుకుని ఉంటే వీళ్ళకి కావలసింది ఒక గీత. ఆ గీత మీద ఊరి పాపం అంతా తోసేసి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళాలి.

"సంతకం పెట్టకు వదినా," అంది.

"నువ్వు ఊరుకోవే," అన్నాడు అన్నయ్య.

"ఊరుకోను. మేడం, నేనొక మాట అడగొచ్చా?"

మేడం తల ఊపింది.

సర్వరమ్మ నిపుణుడి వైపు తిరిగింది. "ఏడాది వెయ్యడానికి రాశారంటున్నారు కదండీ. ఒకే ఏడాదిని పక్కపక్కన రెండుసార్లు ఎవరైనా ఎందుకు వేస్తారు?"

నిపుణుడు తెర వైపు చూశాడు. "చెయ్యి జారి ఉండొచ్చు."

"పోనీ, జారింది. ఏడాది కావాలంటే ముందు తేదీని పిలవాలి కదా. ఈ వరసలో తేదీని పిలిచే మాట ఏది?"

అతను కళ్ళజోడు సర్దుకుని వరసంతా మళ్ళీ చదివాడు. మంచివాడే, దబాయించలేదు. "లేదు," అన్నాడు. "మీరన్నది నిజమే. తేదీ మాట లేకుండా ఇది ఏడాది కాదు."

"కాదు. ఇక్కడ మర్చిపోయిన గీతేం లేదు మేడం. కావాలనే పెట్టలేదు. క్రాన్‌కి చాదస్తం ఉందని బాగా తెలిసినవాళ్ళే ఇది రాశారు. చీపురు అడిగే ప్రశ్నకి మనిషి లేకుండానే అవును అనిపించడానికి. పైకి చూస్తే ఏడాదిలా కనపడుతుంది కాబట్టి ఎవరైనా పట్టుకున్నా పొరపాటు అనుకుంటారు. ఇప్పుడు మీరంతా అనుకున్నారు కదా, అలాగే."

మేడం పెన్ను కింద పెట్టింది. పెద్దసారు గుండుసూది జేబులో పెట్టుకున్నాడు.

"మరి రెండు వైలు ఎందుకు?" అంది మేడం.

ఇదే సర్వరమ్మ రాత్రంతా నిద్ర మానుకుని పట్టుకున్న సంగతి.

"చీపురు రెండు ప్రశ్నలు అడుగుతుంది మేడం. మామూలుగా ఒక్కటే. కానీ తుడవబోయే రీడింగుల్లో హద్దు దాటినవి ఉంటే మాత్రం ఇంకోసారి అడుగుతుంది, ఇవి చెడ్డ రీడింగులు, వీటిని కూడా తుడిచెయ్యనా అని. దానికీ అవునంటేనే తుడుస్తుంది. మొదటి పర్సెంట్ వెనక ఉన్న వై మొదటి ప్రశ్నకి. రెండో పర్సెంట్ ఎంటర్ కొట్టినట్టు. ఆ తరవాతి వై రెండో ప్రశ్నకి. మంచి నీళ్ళే వస్తాయనుకునేవాడికి ఆ రెండో వైతో పనేంటి? ఈ వరస నీళ్ళు పాడవడానికి ముందు రోజు రాశారని మీ నిపుణుడుగారి రిపోర్టులోనే ఉంది. రేపు మురుగు రాబోతోందని ఇవాళే తెలిసినవాళ్ళు రాశారు ఇది."

నిపుణుడు మెల్లిగా, "అవును," అన్నాడు. "రిపోర్టులో ఆ తేదీ నేనే రాశాను. దీనితో కలిపి చూసుకోలేదు."

మేడం ముఖం గట్టిపడింది. "అయితే మీ వదిన తెలిసే చేసిందన్నమాట. ఆవిడ లాగిన్‌లోంచే కదా ఇది రాసింది. నిర్లక్ష్యం కాదు, నేరం. ఇప్పుడు మీరు చెప్పింది అదేనా?"

వదిన ఆమె చేతిని గట్టిగా లాగింది. "ఇదేంటే," అంది. "నువ్వు నన్ను గట్టెక్కిస్తావనుకున్నాను."

"గట్టెక్కిస్తున్నాను వదినా, ఆగు. మేడం, ఈవిడకి రెండో ప్రశ్న ఉన్న సంగతే తెలీదు. లాబులో ఎవరికీ తెలీదు. అది నేను కొత్తగా పెట్టాను. పెట్టిన తరవాత నీళ్ళు హద్దు దాటింది ఆ ఒక్కరోజే. అంతవరకూ ఆ ప్రశ్న తెరమీద ఎవరికీ కనపడే అవకాశమే లేదు. కనపడని ప్రశ్నకి వదిన జవాబు ఎలా రాస్తుంది? ప్రశ్న ఉందని తెలిసినవాళ్ళే రాయాలి."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గెలుపు ఉంది. లెక్క తెగిన పిల్ల పలక చూపించినట్టు అందరి ముఖాల వైపూ చూసింది.

"బావుంది," అంది మేడం. "ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అంది సర్వరమ్మ. "ఇంకా..."

అక్కడ ఆగిపోయింది.

రాత్రంతా ఆ రెండు వైలని తిప్పి తిప్పి చూసిన మనిషి, ఈ ఒక్క సంగతి ఆలోచించలేదంటే మీరు నమ్మరు. నిజంగానే ఆలోచించలేదు. వదినని బయట పడెయ్యాలన్న తొందరలో దారి ఎటు పోతోందో చూసుకోలేదు. ఇప్పుడు దారి ఆగిన చోట ఇస్త్రీ చొక్కా వేసుకుని అన్నయ్య కూర్చుని ఉన్నాడు.

ఆ రెండో ప్రశ్న పెట్టమన్నది అతనే. ఒకసారి వరండాలో టీ తాగుతూ, "లాబులో వాళ్ళు తొందరలో వై కొట్టేస్తుంటారే. చెడ్డ రీడింగు పొరపాటున పోతే ఊరికి ప్రమాదం. ఇంకోసారి అడిగేట్టు పెట్టు," అన్నాడు. అన్నయ్యకి ఊరంటే ఎంత బాధ్యతో అని ఆ రోజు ఆమె మురిసిపోయింది. పెట్టాక అతనికొక్కడికే చూపించింది. బహుశా అప్పుడు నిజంగానే మంచికే అడిగి ఉంటాడు. అది తలుచుకుంటేనే ఇంకా రోతగా ఉంది. క్రాన్ చాదస్తం ఆమెకి నేర్పిందీ అతనే. పంపుల ప్రోగ్రాం పొద్దున్నే 'నడపనా?' అని అడుగుతుందని, దానికోసం లేచి ఎవడొస్తాడని, పర్సెంట్ పెట్టి వై తగిలించి, "చూశావా, మంచమ్మీద పడుకునే అవును అనేస్తున్నాను," అని నవ్వాడు. ఫిల్టర్లు మూసుకుపోయినప్పుడు వాటిని తప్పించి శుద్ధి చెయ్యని మురుగు నీళ్ళని తిన్నగా ఊళ్ళోకి వదిలే వాల్వు కూడా పంపుల ఇంజనీరు చేతిలోనే ఉంటుంది. సరఫరా ఆగిందన్న మాట పడకుండా ఒక్కరోజు గడుపుకోవడానికి అతను దాన్ని తిప్పి ఉంటాడు. ఒకసారి వదిన జ్వరంతో పడుకున్నప్పుడు ఆవిడ పాస్‌వర్డు కొట్టి, ఆవిడ లాగిన్‌లోంచి లాబు రిపోర్టు పంపినవాడూ అతనే.

తను ఎక్కడుందో మర్చిపోయి ఆమె అన్నయ్యని అలా చూస్తూ ఉండిపోయింది. ఈ మధ్య అంతా భార్య కోసం తిరిగిన తిరుగుడు, ఆ ఎర్రటి కళ్ళు, పెద్దసారు కాళ్ళ మీద పడటం, అంతా ఆ కాగితం మీద సంతకం కోసమేనా? కట్టుకున్నదాన్ని ఒక గీత కింద పాతిపెట్టి, పైన కన్నీళ్ళు పోస్తున్నాడా? ఆమె నోట్లో ఉప్పుగా నీరూరింది. చెంగు అడ్డం పెట్టుకుని బలవంతంగా మింగింది.

"ఇంకా ఎవరికి తెలుసమ్మా?" మేడం రెట్టించింది.

"మా అన్నయ్యకి," అంది సర్వరమ్మ. "పెట్టమన్నది మా అన్నయ్యే."

అన్నయ్య నీళ్ళు నములుతాడనుకుంది. తడబడతాడనీ, కనీసం కళ్ళు దించుకుంటాడనీ అనుకుంది. అతను నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నాడు. తరవాత పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి, జాలిగా తల ఊపాడు.

"నేను చెప్పకూడదనే ఇంతసేపూ నోరు నొక్కుకున్నాను మేడం," అన్నాడు. "సొంత చెల్లెలు. కానీ నా భార్య జైలుకి పోతుంటే ఇంకెలా దాచను? చీపురు రాసింది అదే. రెండో ప్రశ్న పెట్టింది అదే. ఇప్పుడు తనే ఒప్పుకుంది కదా, లాబులో ఇంకెవరికీ తెలీదని. మా ఆవిడ పాస్‌వర్డు మార్చాలన్నా, తియ్యాలన్నా దాని చేతిలోనే ఉంటుంది. నాకీ కంప్యూటరు గొడవలు తెలీవు మేడం. నా పంపుల వరసలు కూడా అదే రాసిచ్చింది."

"అన్నయ్యా," అంది సర్వరమ్మ.

"ఎందుకు చేశావే?" అన్నాడతను. గొంతులో ఏడుపు కూడా తెచ్చాడు. "ఎవరు చెయ్యమన్నారు? చెప్పెయ్యి, పెద్దసారు చూసుకుంటారు."

థూ! కథ రాసేవాడు తన పాత్రల మీద ఉమ్మకూడదంటారు. నావల్ల కావడం లేదు. అబద్ధం ఆడాడని కాదు. అబద్ధంలో కూడా చెల్లెలిని బుజ్జగిస్తున్నట్టు మాట్లాడాడు, అది చూస్తే కంపరం పుడుతోంది.

ఈసారి పెద్దసారు ముఖంలో మళ్ళీ ఆ హాయి కనపడింది. ఎవరైతేనేం, ఒకరు దొరికారు. నిపుణుడు చేతులు చూసుకుంటున్నాడు. వరండాలో మాటకి సాక్ష్యం ఉండదు. పంపుల వరసలు అన్నయ్యవే అని ఎలా రుజువు చేస్తుంది? వాటిని సర్వరులోకి ఎక్కించింది తనే. మేడం తలుపు దగ్గరున్న మనిషిని పిలిచి, సర్వరు గదికి తాళం వెయ్యమంది. "మీరు ఇక్కడినుంచి కదలకండి," అని సర్వరమ్మతో అంది.

వదిన ఆమె చెయ్యి వదిలేసింది.

సర్వరమ్మకి అప్పుడు తెలిసింది, ఇంతసేపూ తను నిలబడింది ఆ చెయ్యి పట్టుకునే అని. వదిన తనవైపు చూడటం లేదు. సంతకం పెట్టని కాగితాన్ని మడతపెట్టింది. ఇంకో మడత పెట్టింది. ఇంట్లో భర్తతో ఏ ఉప్పు గురించో పప్పు గురించో అడిగే గొంతుతో, మెల్లిగా, "ఏవండీ," అంది.

అన్నయ్య వెంటనే ముందుకి వంగాడు. "నువ్వు భయపడకు. అయిపోయింది. ఇంటికెళ్ళిపోదాం."

"మురుగు రావడానికి ముందు రోజు మీరు ఇంట్లోకి నీళ్ళ డబ్బాలు తెప్పించారు కదా. ఎప్పుడూ లేనిది. ఎందుకు తెప్పించారు?"

గదిలో ఎవరి కుర్చీ కదిలిందో కిర్రుమంది.

"మనింటి సంగతులు ఇక్కడ ఎందుకు?" అన్నాడు అన్నయ్య. మొదటిసారి అతని గొంతు గరుకుగా వచ్చింది. "నోర్ముయ్యి."

వదిన నోరు ముయ్యలేదు. "రేపొక్కరోజు మన పాపకి కుళాయి నీళ్ళు పట్టకు అన్నారు. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. నేను ఆ రోజంతా ఆ నీళ్ళే తాగాను."